కత్తెర పిన్ని వంకర చెట్టు

పని మానేసి హాయిగా కూర్చోమని ఎవరైనా చెబితే కత్తెర పిన్నికి ఒళ్ళు మండుతుంది. హాయిగా కూర్చోవడానికి తనేమన్నా గోడకు తగిలించిన క్యాలెండరా అని అడుగుతుంది. అలాంటి మనిషి చేతిలో సొంత అక్క కూతురు ఒక మొక్కను పెట్టి, "షాపు సంగతి మేం చూసుకుంటాం పిన్నీ, నువ్వు దీంతో కాలక్షేపం చెయ్యి" అంది. ఆ పూట ఆ ఇంట్లో గిన్నెలు ఎంత గట్టిగా చప్పుడు చేసి ఉంటాయో మీరే ఊహించుకోండి.

ముందు ఆ షాపు గురించి చెప్పాలి. రెండు వీధులు కలిసేచోట, ఒక మేడ కింది అంతస్తులో, ఆడవాళ్ళకు జుట్టు కత్తిరించే షాపు అది. అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసి పెట్టారు. అక్క గల్లాపెట్టె దగ్గర, చెల్లెలు కత్తెర దగ్గర. అక్క కూతురు చిన్నప్పుడు బడి నుంచి నేరుగా అక్కడికే వచ్చి "పిన్నీ, పిన్నీ" అని వెంట తిరిగేది. ఆ పిలుపు వచ్చిపోయే వాళ్ళకీ అంటుకుని, పిన్ని కంటే పెద్దవాళ్ళు కూడా ఆమెను పిన్నీ అనే పిలవడం మొదలుపెట్టారు. షాపులో మూడు కుర్చీలు, మూడు అద్దాలు. కిటికీ పక్కన ఉన్నది పిన్ని కుర్చీ. దాని చేతుల మీద రెక్సిన్ అరిగి లోపలి పసుపు స్పాంజి కనబడుతుంది. కొత్తది వేయిద్దామంటే పిన్ని ససేమిరా ఒప్పుకోలేదు.

ఆ షాపులో ఒక నియమం ఉండేది. అది పిన్ని పెట్టిన నియమమే. కూర్చున్న మనిషిని అద్దం ముందు నుంచి పక్కకు తిప్పకూడదు. ఎవరి జుట్టు వాళ్ళ కళ్ళ ముందే తెగాలి, అటు తిప్పి కత్తిరించడం దొంగపని అనేది ఆమె వాదన. అందుకని కొన్న రోజే మూడు కుర్చీల కింద బోల్టులు బిగించేసి, అవి తిరగకుండా చేసింది. కుర్చీ కదలదు, మనిషి కదలదు, పిన్ని మాత్రం చుట్టూ తిరుగుతూ, మణికట్టు తిప్పుతూ, చెవి వెనకా మెడ కిందా కత్తెర ఆడించేది. అక్క కూతురికి పని నేర్పినప్పుడు మొదట చెప్పింది కూడా ఆ మాటే.

వానాకాలంలో ఒక పొద్దున, కడిగిన నేల ఆరకముందే తువ్వాళ్ళ బుట్ట ఎత్తుకుని నడిచి, పిన్ని జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక చూస్తే ఎముక అతికింది గానీ వంకరగా అతికింది. వేళ్ళు బాగానే ఆడుతున్నాయి, కత్తెర పట్టు ఎక్కడికీ పోలేదు. కానీ చెయ్యి బయటివైపుకు తిరగదు. తాళంచెవి తిప్పబోతే సగంలోనే ఆగిపోతుంది.

అయినా కుర్చీ దగ్గరకు వచ్చి నిలబడింది. ఎప్పటినుంచో వచ్చే బ్యాంకు మేడమ్‌కు కత్తిరిస్తే ఒకవైపు చెవి తమ్మె దాకా వచ్చింది, రెండోవైపు మెడ దాకా మిగిలిపోయింది. మేడమ్ మంచి మనిషి, పల్లెత్తు మాట అనలేదు. మరుసటి నెల వచ్చి, పిన్ని వైపు చూడకుండా వెళ్ళి అక్క కూతురి కుర్చీలో కూర్చుంది. తిట్టినా బాగుండేదనిపించింది పిన్నికి. ఆ రోజు ఇంటికెళ్ళి కరువుతీరా ఏడ్చింది.

తర్వాత అక్క కూతురు నిండు చేతుల జాకెట్లు వేసుకోమంది, మణికట్టు చూస్తే వచ్చినవాళ్ళు జంకుతున్నారని. పిన్ని వేసుకుంది. ఆ తర్వాత, కటింగు నేర్చుకుంటున్న ఒక అమ్మాయి ఉందనీ, ఆమె ట్రైనింగు అయిపోగానే కిటికీ పక్క కుర్చీ ఆమెకు ఇస్తామనీ చెప్పింది. ఆ మాట చెబుతూ చెబుతూనే మొక్కను చేతిలో పెట్టింది. అక్క గల్లాపెట్టె దగ్గర తల దించుకుని కూర్చుంది.

పిన్ని ఆ మొక్కను తిరిగి ఇచ్చేయడానికే, దాన్ని కొన్న మొక్కల తోటకు వెళ్ళింది.

ఊరి అంచున, లారీల షెడ్డు వెనక ఉంది ఆ తోట. ఆదివారం పొద్దున అక్కడ మొక్కల మాస్టారు, చెట్టును కుండీలో మరుగుజ్జుగా పెంచే బోన్సాయ్ పాఠం చెబుతాడు. పొడవాటి బల్ల చుట్టూ పదిమంది కూర్చుని, ఎవరి ముందు వాళ్ళు, సరుగుడులా సన్నటి ఆకులుండే ఒక చిన్న జూనిపర్ మొక్క పెట్టుకుని ఉన్నారు. పిన్ని తన కుండీని బల్ల మీద దబ్బున పెట్టింది.

"దీన్ని వెనక్కి తీసుకోండి. నాకొద్దు."

"మొక్క బాలేదా అమ్మా?"

"మొక్కకేం, నిక్షేపంలా ఉంది. ఇచ్చినవాళ్ళ బుద్ధే బాలేదు."

మాస్టారు గోళ్ళలో మట్టి తీసుకున్నాడు. "అయితే కోపం వాళ్ళ మీద చూపించాలి గాని, దీనిమీద ఎందుకమ్మా? కూర్చోండి. పాఠం అయ్యాక కూడా వద్దనిపిస్తే తీసుకుంటాను."

కూర్చుంది. కూర్చుని పైట బిగించుకుంది, ఏం చెబుతాడో చూద్దామని.

ముందు మొక్క మొదలు దగ్గర పైమట్టి తీయమన్నాడు. కాండం ఎక్కడ వేళ్ళుగా విచ్చుకుంటుందో కనబడేదాకా చిన్న పుల్లతో గీకారు అందరూ. ఆ తర్వాత కుండీని నెమ్మదిగా చుట్టూ తిప్పి చూడమన్నాడు. చెట్టుకూ ఒక ముఖం ఉంటుందనీ, అది ఎటువైపో తేలేదాకా కత్తెర ముట్టుకోవద్దనీ చెప్పాడు. ఆ మాటకు పిన్ని పైట కాస్త వదులైంది. తనూ అంతే కదా. తల మీద సుడి ఎక్కడుందో చూడకుండా ఏనాడూ జుట్టు తడపలేదు.

తర్వాత ఏ పద్ధతిలో పెంచాలో ఎంచుకోమన్నాడు. కర్రలా నిటారుగా నిలిచేది, వంపులు తిరుగుతూ పైకి పోయేది, పక్కకు వాలి ఉండేది, కుండీ అంచు దాటి కిందికి జారేది. గోడకు వేలాడుతున్న బొమ్మలు ఒక్కొక్కటీ చూపించాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ వంపులు తిరిగేదే అన్నారు, అదే తేలిక కాబట్టి. పిన్ని మొక్క చిటికెన వేలంత కాండంతో, మొదట్నుంచే కుడివైపుకు వాలిపోయి ఉంది. అది అమ్ముడుపోకుండా మూల పడి ఉన్న మొక్క అని అప్పుడు అర్థమైంది ఆమెకు. అక్క కూతురు ఏరికోరి తెచ్చిందేం కాదు, చేతికందింది తెచ్చింది.

"అల్యూమినియం తీగ చుట్టి నిలబెట్టేద్దాం అమ్మా. లేతదే, చెప్పినట్టు వింటుంది" అన్నాడు మాస్టారు.

"ఎందుకు వినాలి? ఇన్నాళ్ళూ ఇలా వాలి బతికింది. ఇప్పుడు ఎవరో వచ్చి నిలబడమంటే నిలబడాలా? వాలుగానే ఉంచండి."

పక్కన కూర్చున్న కళ్ళజోడు షాపాయన కిసుక్కున నవ్వాడు. మాస్టారు నవ్వలేదు. సరే, వాలు పద్ధతే మంచిది అన్నాడు. అలాగైతే ఎడమవైపు అడుగున ఉన్న కొమ్మ జాగ్రత్త అని చెప్పాడు. చెట్టు కుడికి ఒరిగినప్పుడు ఎడమ కొమ్మే దాన్ని పట్టి నిలుపుతున్నట్టు కంటికి కనబడాలి, అది లేకపోతే చెట్టు పడిపోతున్నట్టుంటుంది. గుబురు కొంచెం పలచన చెయ్యండి అని చెప్పి, ఆయన బల్ల అవతలి చివరకు వెళ్ళాడు.

ఇక్కడే పిన్ని కొంప ముంచుకుంది. ఆవిడకు గుబురు కనబడితే చెయ్యి ఆగదు. చేతిలో చిన్న కత్తెర, ఎదురుగా ఒత్తుగా పెరిగి దారీ తెన్నూ లేని కొమ్మ. కుడిచెయ్యి తిరగకపోయినా ఇది అందుబాటులోనే ఉంది. ఎన్ని నెలలైంది మనసుతీరా కత్తెర ఆడించి. టకటకా కత్తిరించుకుంటూ పోయింది. పక్కనున్న ఆయన, మరీ బోడిగా అయిపోతోందేమో చూడండి అంటే, "మీకు తెలీదు. పొట్టిగా తీస్తేనే ఒత్తుగా వస్తుంది. నెల తిరక్కుండా ఎలా వస్తుందో చూడండి" అంది. అంత ధీమాగా అంది. కొమ్మ మీద ఒక్క పచ్చటి ఆకు కూడా మిగలకుండా, తోక తెగిన బల్లిలా చేసి పెట్టింది.

మాస్టారు వచ్చి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏమైంది?" అంది పిన్ని.

"ఇది జుట్టు కాదమ్మా. జూనిపర్ కొమ్మ మీద పచ్చదనం అంటూ మిగలకపోతే అది మళ్ళీ చిగురించదు. ఆ కొమ్మ ఇంక పోయినట్టే."

పిన్ని కత్తెర బల్ల మీద పెట్టేసింది. బల్ల చుట్టూ అందరూ తమ తమ కుండీల్లోకి తెగ శ్రద్ధగా చూడడం మొదలుపెట్టారు. తోసిపారేసి వెళ్ళిపోదామనుకుంది గానీ, చేతులారా పాడుచేసి ఇప్పుడు వదిలేసి పోతే తనకూ అక్క కూతురికీ తేడా ఏముంటుంది అనిపించింది. కుండీని ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కి ఇంటికి తెచ్చుకుంది.

ఇంట్లో పెడితే జూనిపర్ బతకదని చెప్పారు కాబట్టి మేడ మీద పిట్టగోడ పక్కన, ఎండా గాలీ తగిలేచోట పెట్టింది. పొద్దున్నే వెళ్ళి చూసేది. నీళ్ళు పోసింది, బతిమాలింది, తిట్టింది కూడా. వారాలు గడిచేకొద్దీ ఆ కొమ్మ బెరడు ముడతలు పడి, గోధుమరంగు తిరిగి, గోరుతో గీరితే లోపల తడి లేకుండా పోయింది. మిగతా చెట్టు మాత్రం ఏమీ జరగనట్టు, కొసల్లో లేత చిగుళ్ళు వేసుకుంటోంది.

బట్టలు ఆరేయడానికి పైకొచ్చిన అక్క చూసి, "పారెయ్యవే, చూస్తే దిగులేస్తోంది" అంది.

"దిగులైతే కళ్ళు మూసుకో."

వెనకే వచ్చిన అక్క కూతురు, "పోనీలే పిన్నీ, ఇంకోటి తెచ్చిస్తాను. మంచిది, నిటారుగా ఉండేది" అంది.

ఆ పిల్ల మంచికే అంది, అది నేను కాదనను. కానీ పిన్నికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"పాడైతే ఇంకోటి తేవడం నీకు బాగా అలవాటైంది. కుర్చీలో మనిషి పనికిరాకపోతే ఇంకో మనిషి, కుండీలో చెట్టు బాలేకపోతే ఇంకో చెట్టు. నాకేం వద్దు. ఇదే ఉంటుంది, ఇలాగే ఉంటుంది."

"నేనేమన్నానని ఇప్పుడు?" అని ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పిన్నికి జాలేసింది గానీ, చూపించలేదు.

ఆదివారం కుండీ పట్టుకుని మళ్ళీ తోటకు పోయింది. మాస్టారు రెండు దారులు చెప్పాడు. ఎండిన కొమ్మను మొదలంటా కోసేసి, ఆ గాయం వెనక్కి పోయేలా చెట్టును తిప్పి నాటడం ఒకటి. తీగతో కాండాన్ని నిటారుగా లాగి, ఎడమవైపు కొమ్మ అవసరమే లేకుండా చేయడం ఇంకొకటి. ఏదైనా సరే, జరిగింది ఎవరి కంటా పడదు.

"కంటపడితే ఏం?" అంది పిన్ని. "తప్పు నాది, దాచడం దేనికి? ఎండిన కొమ్మ ఎండినట్టే, ముందువైపే ఉండనివ్వండి. అది చెట్టును పట్టి నిలపాలన్నారుగా, ఎండితే పట్టదా?"

మాస్టారు లోపలికెళ్ళి ఒక చిన్న చాకు తెచ్చాడు. కొండల్లో పిడుగులు పడీ మంచు కురిసీ జూనిపర్లకు కొమ్మలు ఎండిపోతాయనీ, ఎండినవి తెల్లగా ఏళ్ళ తరబడి చెట్టుతోనే ఉంటాయనీ చెప్పాడు. బెరడు ఎలా వలవాలో చూపించాడు. కొమ్మ తడిపి, చాకు మొనతో గీత పెట్టి లాగితే పొరలు పొరలుగా ఊడివచ్చింది. లోపలి కర్ర నున్నగా, లేతరంగులో బయటపడింది. అది కుళ్ళకుండా సున్నం, గంధకం కలిపిన మందు పూశారు. మురిగిపోయిన గుడ్డు వాసన. కళ్ళజోడు షాపాయన కుర్చీతో సహా దూరం జరిగాడు. పిన్నికి చాలారోజుల తర్వాత నవ్వొచ్చింది.

వాలును అలాగే ఉంచి, పైకొసకు చిన్న వంపు ఇవ్వడానికి కాండానికి తీగ చుట్టడం దగ్గర మాత్రం గొడవొచ్చింది. అల్యూమినియం తీగను ఏటవాలుగా, బిగువు సమంగా ఉండేలా, ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా చుట్టాలి. ఆపైన బొటనవేలు ఆనించి, మెల్లగా, మెల్లగా వంచాలి. సగం చుట్టు దాకా పిన్ని మణికట్టు వచ్చింది, అక్కడ ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. తీగ జారి చిగురు ఒకటి విరిగింది. మూడోసారి కూడా అంతే అయ్యేసరికి, పట్టకారు బల్ల మీద విసిరికొట్టింది.

"నా వల్ల కాదు. ఈ దిక్కుమాలిన చెయ్యి తిరగదు."

మాస్టారు బల్ల కింద నుంచి గుండ్రటి చెక్కపీట ఒకటి తీశాడు. వేలు తగిలిస్తే గిర్రున తిరిగే పీట. కుండీని దానిమీద పెట్టాడు.

"చెయ్యి తిప్పమని నేనెప్పుడన్నానమ్మా? చెయ్యి అక్కడే ఉంచండి. కుండీ తిప్పండి."

"నా చెయ్యి బాలేదని చెబుతున్నారా?"

"నా చేతులు రెండూ బాగానే ఉన్నాయిగా. నేనూ తిప్పేది కుండీనే."

పిన్ని అనుమానంగా ఎడమచేత్తో పీటను కొంచెం తిప్పింది. కుడిచేతిలోని తీగ తనంతట తనే కాండం మీద ఒక చుట్టు చుట్టుకుంది. ఇంకొంచెం తిప్పింది. ఇంకో చుట్టు. మణికట్టు ఉన్నచోటే ఉంది. మొదలు నుంచి కొస దాకా తీగ చక్కగా ఎక్కింది. పిన్ని ఆ పీట వంక చూసింది, తన చేతి వంక చూసింది, మళ్ళీ పీట వంక చూసింది. పోయేముందు మాస్టారిని అడిగి నూనెడబ్బా ఒకటి, పెద్ద పానా ఒకటి తీసుకుని సంచిలో వేసుకుంది.

సోమవారం షాపుకు సెలవు. కొత్తగా రాబోయే ఆ అమ్మాయి ట్రైనింగు అయిపోయింది, మరునాడే పనిలోకి రావాలి. అక్కా, కూతురూ కలిసి షాపు కడిగి, అద్దాలు తుడుస్తున్నారు. అక్క కూతురు కిటికీ పక్క అద్దం కింద సొరుగులోంచి పిన్ని దువ్వెనలూ క్లిప్పులూ తీసి ఒక అట్టపెట్టెలో సర్దుతోంది. పిన్ని లోపలికొచ్చి ఆ పెట్టెను చూసింది. జాకెట్ చేతులు మోచేతుల దాకా పైకి మడిచి, కుర్చీ కింద నేల మీద చతికిలబడింది.

"పిన్నీ, ఏం చేస్తున్నావ్?"

"కనబడట్లేదా? బోల్టు విప్పుతున్నాను."

ఎన్నేళ్ళ కిందటో తన చేత్తో బిగించిన బోల్టు. జుట్టూ తుప్పూ కలిసి గట్టిపడిపోయింది. నూనె పోసి, రెండు చేతులతో పానా పట్టి, పళ్ళు బిగించి లాగింది. అక్క చీపురు పక్కన పెట్టి వచ్చి తనూ ఒక చెయ్యి వేసింది. కీచుమని అరిచి బోల్టు కదిలింది. పిన్ని లేచి, నడుం పట్టుకుని, కుర్చీని ఒక్క తోపు తోసింది. అది ఒక చుట్టు తిరిగి కిటికీ వైపు ఆగింది.

"ఈ చేతి కింద ఎవరు కూర్చుంటారు అన్నావు కదా. నువ్వు కూర్చో" అంది పిన్ని.

"నేనలా అనలేదు."

"పైకి అనలేదులే. కూర్చో."

అక్క కూతురు తల్లి వైపు చూసింది. తల్లి అద్దం తుడవడంలో మునిగిపోయింది. చేసేది లేక ఆ పిల్ల కూర్చుంది. పిన్ని ఆమె మెడ చుట్టూ బట్ట కట్టి, జుట్టు వదులు చేసి, ముందు తన కళ్ళతోనే తల చుట్టూ తిరిగి చూసింది. నుదుటి మీద, ఎడమ పక్క, చిన్నప్పటి సుడి అలాగే ఉంది. అక్కడి జుట్టు ఎప్పుడూ ఎదురు తిరుగుతుంది. ఆ పిల్ల రోజూ పొద్దున వేడి ఇస్త్రీతో దాన్ని అణిచి, అటుది ఇటు దువ్వి, క్లిప్పు పెట్టి దాచుకుంటుంది. పిన్ని నీళ్ళు చల్లింది. సుడి మెల్లగా పైకి లేచింది.

కత్తెర తీసుకుని, కుర్చీని అద్దం నుంచి పక్కకు తిప్పింది.

"పిన్నీ, అద్దం" అంది ఆ పిల్ల ఉలిక్కిపడి. "మనిషిని తిప్పకూడదని నువ్వే కదా నేర్పావు."

"నేనే నేర్పాను. నేనే మారుస్తున్నాను. తల కదపకు."

కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది ఆ పిల్ల. మణికట్టు ఉన్నచోటే ఉంచి, ఎడమ మోకాలితో కుర్చీని జానెడు జానెడు జరుపుతూ, పిన్ని మొదలుపెట్టింది. మొదటి పాయ దగ్గర కుర్చీని ఎక్కువ తిప్పేసింది. ఆగింది. వెనక్కి జరిపి, మళ్ళీ మొదలుపెట్టింది. చెవి వెనక, మెడ మీద, రెండో చెవి వెనక. బ్యాంకు మేడమ్ దగ్గర తప్పిన చోటు రాగానే దువ్వెనతో రెండువైపులా కొలిచి చూసుకుంది. ఎక్కడా తొందర పడలేదు. సుడి దగ్గరికొచ్చాక దాన్ని అణచలేదు, అది ఎటు పోతానంటే అటే పోనిచ్చి, చుట్టూ ఉన్న జుట్టును దానికి తగ్గట్టు కత్తిరించింది. అక్క ఎప్పటినుంచో తుడిచిన అద్దాన్నే తుడుస్తోంది.

అయిపోయాక బట్ట దులిపి, కుర్చీని అద్దం వైపుకు తిప్పింది.

అక్క కూతురు చాలాసేపు చూసుకుంది. తల అటు తిప్పింది, ఇటు తిప్పింది. రెండువైపులా వేళ్ళతో పట్టి, ముందుకు లాగి, గడ్డం దగ్గర కలిపి చూసుకుంది, ఎవరి కటింగునైనా పరీక్షించాలంటే అలా చూడాలని పిన్నే నేర్పింది. రెండూ సమంగా కలిశాయి. నుదుటి మీద చెయ్యి పెట్టి సుడిని నొక్కింది. చెయ్యి తీయగానే అది మళ్ళీ పైకి లేచింది. కానీ ఇప్పుడది తప్పులా లేదు. జుట్టంతా అక్కడినుంచే మొదలైనట్టుంది. ఆ పిల్ల అద్దంలోంచే పిన్ని చేతి వంక చూసింది, మడిచిన జాకెట్ చేతుల కింద వంకరగా ఉన్న ఆ మణికట్టు వంక. చూపు తిప్పుకోలేదు.

లేచి వెళ్ళి అట్టపెట్టెలోంచి దువ్వెనలు ఒక్కొక్కటే తీసి, మళ్ళీ సొరుగులో పెట్టడం మొదలుపెట్టింది. పెడుతూ, వెనక్కి తిరక్కుండానే అంది.

"రేపొచ్చే అమ్మాయికి ఇంకో కుర్చీ తెప్పిస్తాను పిన్నీ."

పిన్ని కత్తెర తుడిచి ఆ సొరుగులోనే పెట్టింది.

"తెప్పించు. తిరిగేది చూసి తెప్పించు. ఆ పిల్లకి నేను నేర్పాలి."